మార్తమ్మ కట్టిన అతుకుల చీర

అనగా అనగా, ఉప్పు మడిలోనూ, చేప నీళ్ళలోనూ, అబద్ధం పెద్దవాళ్ళ నాలుక మీదా ఉండే రోజుల్లో, సముద్రం పక్కన గవ్వలపేట అని ఒక ఊరు. ఆ రోజులు ఎప్పటివని అడగకండి. మీ అమ్మమ్మలు పావడాలు కట్టుకుని తిరిగిన రోజులనుకోండి. అంతకంటే ముందనుకున్నా తప్పు లేదు.

ఆ ఊరి నేల ఉప్పునేల. అక్కడ వరి పండదు. పువ్వు పూయదు. బావినీళ్ళు నోట పెట్టలేం. పండేది ఉప్పొక్కటే. సముద్రం పోటుకి ఉప్పెక్కిన ఏటినీళ్ళు మళ్ళలోకి పారించి, ఎండకి ఇగరబెట్టి, పొడుగు కర్రలకి బిగించిన చెక్కపలకలతో ఉప్పు లాగి, గట్ల మీద కుప్పలు పోసి, వానకి కరగకుండా కుప్పల మీద తాటాకు కప్పేవారు. దూరం నుంచి చూస్తే ముసలమ్మలందరూ ముసుగులేసుకుని వరసగా కూర్చున్నట్టుండేది.

ఆడవాళ్ళూ మగవాళ్ళూ మళ్ళలో దిగితే పిల్లలు గట్ల మీద పెరిగేవారు. పెరగడమంటే ఎలా? పడుతూ పెరగడం, తెగుతూ పెరగడం, కాలుతూ పెరగడం. కాలికి గవ్వ గీసుకుపోయేది. చేతికి గాలం గుచ్చుకునేది. గంజికుండ ఒంటి మీద ఒలికేది. ఏ గాయమైనా సరే, ముందు ఇంత ఉప్పు తెచ్చి అద్దేవారు. ఉప్పునేల మనుషులు అంతే. వాళ్ళకి తిండీ ఉప్పే, కూలీ ఉప్పే, మందూ ఉప్పే.

ఉప్పుకి లొంగని గాయమైతే ఆస్పత్రికి ఎత్తుకుపోయేవారు.

ఆస్పత్రి ఊరి చివర ఇసకదిబ్బ మీద ఉండేది. అందులో రోడ్డువైపు తలుపున్న గదిని దెబ్బల గది అనేవారు. దెబ్బ తగిలినవాళ్ళయినా, తేలు కుట్టినవాళ్ళయినా, ఊపిరాడనివాళ్ళయినా ముందు అక్కడికే రావాలి. మధ్యలో రేకు పరిచిన బల్ల. పక్కన మరుగుతున్న నీళ్ళలో సూదులు. చిన్నపిల్లని తెస్తే ఏం చేసేవారో చెప్పనా? తల్లిని బయటికి తోసి తలుపు వేసేవారు. పిల్లని బల్ల మీద పడుకోబెట్టి, తువాలుతో కట్టి, నలుగురు నాలుగువైపులా అదిమిపట్టేవారు. పట్టుకుని మూడు మాటలు చెప్పేవారు.

"నొప్పుండదు. చీమ కుట్టినట్టుంటుంది. అయిపోయాక మిఠాయి కొంటాను."

మూడూ అబద్ధాలే. నొప్పి ఉండేది. అది చీమా కాదు, దోమా కాదు. మిఠాయి ఎవడూ కొనలేదు. పెద్దవాడికి అబద్ధం చెబితే కోర్టుకెళతాడు. పిల్లకి చెబితే ఎక్కడికెళుతుంది? ఏడుస్తుంది. ఆ ఏడుపు దిబ్బ దిగి చేపలబజారు దాకా వినిపించేది. బజారులో వాళ్ళు తలెత్తి, "ఎవరి పిల్లో పాపం" అనుకుని, మళ్ళీ బేరంలో పడేవారు. అలా నడిచేది.

అలా నడుస్తున్న రోజుల్లో ఆ గదికి మార్తమ్మ అనే నర్సు వచ్చింది.

మార్తమ్మకి తల్లీ లేదు, తండ్రీ లేదు. అనాథపిల్లల బడిలో పెరిగి, గిన్నెలు తోమి, పక్కలు ఉతికి, చివరికి నర్సు చదువు చదువుకుంది. అందగత్తె కాదు. గొప్ప తెలివైనదని కూడా ఎవరూ అనలేదు. సూది వేయడంలోనూ అందరిలాంటిదే. మనిషి పొట్టి, గొంతు కాస్త బొంగురు. ఆస్పత్రివాళ్ళిచ్చిన తెల్లచీర ఆమెకి పొడుగైపోయి కుచ్చిళ్ళు కాళ్ళకి అడ్డం పడేవి. డ్రస్సరు అప్పలసామి, అంటే ఆ గదిలో కట్లు కట్టేవాడు, ఆమెని చూసి మొదటిరోజే అన్నాడు. నర్సమ్మ ఇంకా రాలేదు గానీ చీర ముందుగా వచ్చేసిందర్రా, అని.

మార్తమ్మ కూడా నవ్వింది. ఆ ఊళ్ళో ఆమె మొదటి నవ్వు అది.

కొన్నాళ్ళకి చేపలు పట్టే పల్లెకారుల పిల్లవాణ్ణి ఒకణ్ణి తెచ్చారు. అరచేతిలో గాలం దిగిపోయింది. గాలం ముల్లు ఎలా ఉంటుందో తెలుసు కదా, వెనక్కి లాగితే రాదు, ముందుకి పొడిచే తీయాలి. అప్పలసామి తువాలు పట్టుకున్నాడు. పిల్లవాడు గోడకి అతుక్కుపోయాడు. మార్తమ్మ వాడి ముందు నేల మీద చతికిలబడింది. నిలబడితే వాడికంటే ఎత్తు, కూర్చుంటే వాడికంటే పొట్టి.

"నొప్పా?" అని అడిగాడు వాడు.

మార్తమ్మ గాలం వైపు చూసింది. వాడి మొహం వైపు చూసింది. చుట్టూ ఉన్నవాళ్ళు నేర్పిన మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"నొప్పి పుడుతుందిరా," అంది. "నేనుంటాను. అయిపోగానే చెబుతాను."

వాడు ఏడుపు ఆపాడు. ధైర్యం వచ్చి కాదు, ఆశ్చర్యం వేసి. పెద్దవాళ్ళు నిజం చెప్పగా వాడెప్పుడూ వినలేదు. బల్ల మీద కాదు, తల్లి ఒళ్ళో కూర్చుంటానన్నాడు. మార్తమ్మ లేచి తలుపు తీసింది. తల్లి లోపలికొచ్చింది. గాలాన్ని ముందుకి పొడిచినప్పుడు వాడు గొంతు చించుకుని అరిచాడు. అరవనిచ్చింది. గాలం బయటికి రాగానే, ఆలస్యం చేయకుండా, "అయిపోయింది," అని చెప్పింది. అయిపోయిందంటే నిజంగా అయిపోయింది.

ఆ రోజునుంచి ఆమె ఏ పిల్ల ముందైనా నేల మీద కూర్చునేది. ఆ మూడు మాటలే చెప్పేది. నొప్పి పుడుతుంది. నేనుంటాను. అయిపోగానే చెబుతాను.

ఆస్పత్రి డాక్టరు సర్వేశం గారు మంచివాడే. కానీ గదినిండా రోగులు, చేతులు రెండే. నిజం చెబితే పిల్లలు పారిపోరా, అని ఆయన మార్తమ్మని అడిగాడు. పారిపోతే ఒకసారి పట్టుకోవచ్చండీ, అబద్ధం చెబితే రెండోసారి రానే రారు కదండీ, అందామె. కట్టు ఆలస్యం కాకపోతే నీ ఇష్టం అన్నాడాయన. అప్పలసామి మాత్రం, కత్తికి ముందు కబుర్లేటమ్మా, పెళ్ళిచూపులా ఇవి, అని సణిగేవాడు. సణుగుతూనే తువాలు మడిచి గూట్లో పెట్టాడు. తర్వాత ఆ తువాలు వాడు మొహం తుడుచుకోవడానికే పనికొచ్చింది.

దెబ్బల గదిలో ఏడుపు ఆగిపోయిందని చెప్పను. అలా చెబితే నేనూ అబద్ధాలవాడి కిందే లెక్క. పిల్లలు ఏడ్చారు. కానీ ఒంటరిగా ఏడవలేదు. అది వేరే ఏడుపు. బజారులో ఉన్నవాళ్ళకి కూడా ఆ తేడా తెలిసేది.

ఇక్కడితో కథ అయిపోతే ఎంత బాగుండును. కానీ మనుషులున్నారే, వాళ్ళు మంచిని కూడా ఇంటికి తీసుకెళ్ళి కర్రలా వాడుకుంటారు.

మార్తమ్మ పేరు ఊరంతా తెలిసింది కదా. తల్లులు ఏం చేశారంటే, ఆ పేరు పిల్లల్ని బెదిరించడానికి వాడారు. అన్నం తినకపోతే, "తింటావా, మార్తమ్మని పిలవనా?" గట్టు దిగితే, "అదిగో తెల్లచీర, సూది పట్టుకొస్తోంది." నిద్రపోకపోతే, "కళ్ళు మూసుకో, మార్తమ్మ కళ్ళు తెరిచినవాళ్ళనే పొడుస్తుంది." అంతకు ముందు బూచాడు చేసే పని ఇప్పుడు మార్తమ్మ చేస్తోంది, ఆమెకి తెలియకుండా.

ఆమె దగ్గరికొచ్చి కట్టు కట్టించుకున్న పిల్లలకి భయం లేదు. వాళ్ళు దారిలో కనిపిస్తే కొంగు పట్టుకుని లాగేవారు. ఎన్నడూ రాని పిల్లలు మాత్రం తెల్లచీర కనబడితే చాలు, పిచ్చుకల్లా చెదిరిపోయేవారు. ఒకరోజు ఒక చంటిపిల్ల ఆమెని చూసి గుటుక్కున మెతుకులు మింగింది. అది చూసి మార్తమ్మకి మొహం పాలిపోయింది.

ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళి, అలా బెదిరించొద్దని చెప్పింది. వాళ్ళు ఉప్పు లాగుతూ నవ్వారు. ఊరికే అంటాం నర్సమ్మా, పిల్లలు మాట వినొద్దా, నీ పేరు చెబితే ముద్ద దిగుతోంది, పుణ్యం కదా, అన్నారు. అందరిలోకీ గట్టిగా నవ్వింది అచ్చియ్యమ్మ. ఆమె నోటికి ఆ ఊళ్ళో ఎదురులేదు. ఆమెకి నూకాలు అని ఒక్కతే కూతురు. పాలపళ్ళు ఊడే వయసు. అచ్చియ్యమ్మ పొద్దున ఒకసారి, మధ్యాన్నం ఒకసారి, పడుకోబోయే ముందొకసారి మార్తమ్మ పేరు చెప్పి కూతుర్ని పెంచుతోంది.

"నా పేరు చెప్పి అన్నం పెడితే పెట్టు అచ్చియ్యమ్మా," అంది మార్తమ్మ. "రేపు ఆ పిల్ల నా దగ్గరికి రావలసొస్తే ఎలా వస్తుంది?"

"నా పిల్ల నీ దగ్గరికెందుకొస్తాది? ఉప్పుంది మాకు," అంది అచ్చియ్యమ్మ.

ఆ ఎండాకాలం, ఎండుచేపల దిబ్బ మీదినుంచి ఒక పిచ్చికుక్క వచ్చింది. నోటివెంట చొంగ. తోక కాళ్ళ మధ్య. ఒక మేకని కరిచింది, ఒక ముసలాయన్ని కరిచింది, గట్ల మీదుగా పోయి మాయమైంది. మగవాళ్ళు ఉప్పు పలకలు పట్టుకుని తరిమి, ఏటి ఒడ్డున కొట్టి చంపారు. ఊళ్ళో ఇంటింటికీ తిరిగి, ఇంకెవరినైనా కరిచిందా అని అడిగారు. ముసలాయన ఆస్పత్రికి పోయి బొడ్డు చుట్టూ సూదులు మొదలుపెట్టించుకున్నాడు. ఇంకెవరూ లేరన్నారు. పిల్లల్ని వరసగా నిలబెట్టి అడిగారు. పిల్లలందరూ లేదన్నారు. నూకాలు కూడా లేదంది.

నూకాలుని కరిచింది. పిక్క మీద. కుప్పల వెనక ఆడుకుంటుంటే వచ్చి కరిచి పోయింది. ఆ పిల్ల ఎవరికీ చెప్పలేదు. చెబితే మార్తమ్మకిస్తారు. అందుకని గుప్పెడు ఉప్పు తీసి గాయంలో కూరుకుంది, పళ్ళు బిగబట్టి. అంత మంట ఓర్చుకున్న పిల్ల సూదికి భయపడిందా అంటారు మీరు. కాదు. సూదికి కాదు. మనం దాని బుర్రలో కూర్చోబెట్టిన బూచికి భయపడింది. దానికి కోపం తెచ్చుకోవలసింది ఎవరి మీద?

కొన్నాళ్ళకి అచ్చియ్యమ్మ కూతురికి నీళ్ళు పోస్తూ గాయం చూసింది. ఇదేటే అని అడిగితే ఎలక అంది నూకాలు. ఎలక నోరు అంత ఉండదు. అచ్చియ్యమ్మ చేతిలో చెంబు జారిపోయింది. తడి ఒంటి మీదే పావడా చుట్టి, పిల్లని చంకనేసుకుని దిబ్బ మీదికి పరుగెత్తింది. ఎక్కడికి అని పిల్ల అడిగితే, "బజారుకే, జీళ్ళు కొనిపెడతాను," అంది. భయంలో కూడా అబద్ధమే వచ్చింది నోటికి.

దెబ్బల గది వసారాలో మార్తమ్మ నిలబడి ఉంది. తెల్లచీర ఎండలో మెరుస్తోంది. నూకాలు చూసింది. తల్లి మణికట్టు కరిచి, చంకలోంచి దూకి, దిబ్బ దిగి, ఉప్పుకుప్పల్లోకి పారిపోయింది.

అచ్చియ్యమ్మ వచ్చి మార్తమ్మ కాళ్ళ మీద పడింది. కుక్క సంగతి చెప్పింది. డాక్టరు గారు బయటికొచ్చి విన్నారు. ఇప్పటికే రోజులు గడిచిపోయాయి, ఇంకో రోజు పోగొట్టుకోకూడదు, నీళ్ళు చూసి బెదరడం మొదలైతే ఇక ఏ మందూ పనిచేయదు, అన్నారు. తండ్రి గంగులు మళ్ళలోంచి వచ్చాడు. వాడితో పాటు పదిమంది. పిల్లని పట్టుకొస్తామని బయల్దేరారు.

ఉప్పుకుప్పల వెనక ఏరుంది. పోటు మీదున్న ఏరు. ఒడ్డంతా మోకాలి లోతు బురద. మగవాళ్ళు ఒకవైపునుంచి వెళితే పిల్ల కుప్ప దాటి ఏటివైపు జరిగింది. రెండోవైపునుంచి వెళితే ఇంకో కుప్ప దాటి ఇంకాస్త జరిగింది. మూడోసారి అడుగేస్తే చివరి కుప్ప ఎక్కి, తాటాకుల మధ్య దూరి కూర్చుంది. దాని వెనక ఇక నీళ్ళే.

మార్తమ్మా, ఆమె వెనకే అచ్చియ్యమ్మా ఊరి ఆడవాళ్ళూ పరుగున వచ్చారు. మార్తమ్మ మగవాళ్ళని ఆపింది. ఇంకో అడుగేస్తే ఏట్లో దూకుతుంది, కుక్క చంపక ముందే మీరు చంపుతారు, అంది. అందరినీ గట్టు మీదే ఉండమని, ఒక్కతే ముందుకెళ్ళి ఆ కుప్ప కింద ఉప్పులో చతికిలబడింది.

తాటాకుల మధ్యనుంచి ఉప్పుగడ్డ వచ్చి ఆమె భుజానికి తగిలింది. కదల్లేదు. రెండోది వచ్చింది. కదల్లేదు. మూడోది నుదుటికి తగిలి చిట్లింది. తుడుచుకుంది గానీ లేవలేదు. ఎండ నడినెత్తికొచ్చింది. చాలాసేపటికి పైనుంచి మాట వినబడింది.

"నువ్వు మార్తమ్మవేనా?"

"నేనే."

"అన్నం తినని పిల్లల్ని పొడుస్తావంట."

"తిన్నవాళ్ళని కూడా పొడుస్తాను. కుక్క కరిస్తే."

పిల్ల ఆలోచించింది. ఈ మాట దానికి ఎవరూ చెప్పలేదు.

"నన్ను పొడుస్తావా?"

"పొడుస్తాను."

"ఎక్కడ?"

"పొట్ట మీద. ఇవాళ ఒకసారి. మళ్ళీ రేపు. అలా చాలా రోజులు."

గట్టు మీద అచ్చియ్యమ్మ నోరు నొక్కుకుంది. చాలా రోజులని ఎందుకు చెప్పడం, ఒక్కటే అంటే పోదా, అని పక్కనున్నవాళ్ళు గుసగుసలాడారు.

"పొడవకపోతే?" అంది నూకాలు.

ఏటి పోటు చప్పుడొక్కటే. అబద్ధం చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఆమె బతుకులో మళ్ళీ రాదు.

"చచ్చిపోతావమ్మా," అంది.

పిల్ల ఏడవలేదు. తాటాకులు కదిలాయి. ఉప్పు పేరుకున్న మొహం ఒకటి బయటికొచ్చింది.

"మా అమ్మ ఉంటాదా?"

"ఉంటుంది. నేనూ ఉంటాను."

"నువ్వుండు. ఆ చీర ఉండకూడదు."

మార్తమ్మ తన చీర చూసుకుంది. ఆ పిల్లకి మార్తమ్మ అంటే మనిషి కాదు, ఆ తెలుపే. బుద్ధెరిగినప్పటినుంచి దానికి చూపించింది ఆ తెలుపునే కదా. మార్తమ్మ లేచి గట్టు మీదికొచ్చింది. మార్చుకుందామంటే ఆమెకి ఇంకో రంగు చీర లేదు. నర్సుకి ఇచ్చేది తెలుపే, ఆమె కట్టేది తెలుపే. అచ్చియ్యమ్మ ఒంటి మీదున్నది మిరపపండు రంగు చీర. ఉప్పుకి బిరుసెక్కి, మోకాళ్ళ దగ్గర మూడు అతుకులు పడ్డ చీర.

"నీ చీర నాకియ్యి, నాది నువ్వు కట్టు," అంది మార్తమ్మ.

అచ్చియ్యమ్మ అడుగు వెనక్కేసింది. మొగుడున్న ఆడది తెల్లచీర కట్టడమేమిటి? ఆ ఊళ్ళో తెల్లచీర కట్టేది మొగుడు పోయిన రోజునే. మంచి చెడ్డలు తెలిసిన ముసలమ్మలు గట్టు మీదే ఉన్నారు. వాళ్ళు అడ్డం పడ్డారు. పుణ్యస్త్రీవి, పసుపు కుంకాలతో ఉన్నావు, చేతులారా అశుభం తెచ్చుకుంటావా, గంగులు ఎదురుగా ఉండగానే కడతావా, అన్నారు. పిల్లకోసం వేరే చీర ఎవరిదైనా తెద్దాం, ఊళ్ళోకి మనిషిని పంపుదాం, అన్నారు. ఊరు దూరం. పోటు పెరుగుతోంది. కుప్ప అడుగున నీళ్ళు తగులుతున్నాయి. ఎవరూ ఇంట్లోంచి అదనంగా చీర తెచ్చుకుని రాలేదు, ఉన్నది కట్టుకునే వచ్చారు.

అచ్చియ్యమ్మ మొగుడివైపు చూసింది. ఆమె అతని అనుమతి అడగడం ఊళ్ళో ఎవరూ చూడలేదు, అదే మొదలు.

గంగులు కళ్ళు తుడుచుకున్నాడు. "తెల్లచీరకి చచ్చేవాణ్ణయితే నీ నోటికి ఎప్పుడో చచ్చేవాణ్ణే," అన్నాడు. "కట్టవే."

ఉప్పు కాపలావాళ్ళ పాక ఉంది అక్కడ. ఇద్దరూ అందులోకి వెళ్ళారు. వచ్చేసరికి మార్తమ్మ మిరపపండులా ఉంది, అచ్చియ్యమ్మ ఉప్పుకుప్పలా ఉంది. ముసలమ్మలు మొహాలు పక్కకి తిప్పుకున్నారు. గంగులు మాత్రం తిప్పుకోలేదు.

అతుకుల చీర కట్టుకుని మార్తమ్మ మళ్ళీ కుప్ప దగ్గరికెళ్ళింది. అచ్చియ్యమ్మ పొడుగు తెల్లచీర కాళ్ళకి అడ్డం పడి, తూలుకుంటూ వెనకే వచ్చింది. నూకాలు చీరలు రెండూ చూసింది. తల్లిని చూసింది. తూలి పడబోయిన తల్లిని చూసి, ఆ ఏడుపు మొహంలోనే ఫక్కున నవ్వింది.

"అమ్మా, నువ్వు మార్తమ్మవైపోయావే," అంది.

అచ్చియ్యమ్మ నవ్వలేదు. కూతురితో అబద్ధం ఆడకుండా మాట్లాడడం ఆమెకి కొత్త.

"నేను చెప్పిన మార్తమ్మ లేదే నూకాలూ," అంది. "నేనే పుట్టించాను. నువ్వు అన్నం తినాలని. తెల్లచీరలో ఉన్నది ఎప్పుడూ నేనేనే. దిగి రా."

నూకాలు దిగింది. తల్లి దగ్గరికి పోలేదు. అతుకుల చీర దగ్గరికెళ్ళి, కొంగు వాసన చూసింది. అమ్మ చెమట, ఉప్పు, ఎండుచేప. ఆ కొంగు గుప్పిట పట్టుకుని మార్తమ్మ చంకెక్కింది.

ఊరంతా వెనక నడవగా దిబ్బ ఎక్కారు. దెబ్బల గదిలో డాక్టరు గారు మందు ఎక్కించి సూది సిద్ధంగా పట్టుకున్నారు. తెల్లచీర కనబడిందని అలవాటు కొద్దీ అచ్చియ్యమ్మ చేతికి అందించబోయారు. అచ్చియ్యమ్మ చేతులు వెనక్కి దాచుకుంది. అయ్యగారూ, మార్తమ్మ ఇటుంది, అని అప్పలసామి చెబితే ఆయన కళ్ళద్దాలు సర్దుకుని, ఇవాళ ఏదో పండగలా ఉందే, అన్నారు. గదిలో అందరూ నవ్వారు. సూది చేతిలో ఉండగా ఆ గదిలో నవ్వు వినబడడం అదే మొదటిసారి.

మార్తమ్మ పిల్ల ముందు కూర్చుంది. మూడు మాటలు చెప్పింది. పొడిచింది. నూకాలు ఆస్పత్రి పైకప్పు లేచేలా అరిచింది. "అయిపోయింది," అంది మార్తమ్మ. పిల్ల అరుపు మధ్యలో ఆపి, నిజమేనా అని పొట్ట చూసుకుంది. నిజమే.

మర్నాడు మళ్ళీ వచ్చారు. ఆ మర్నాడు మళ్ళీ. సూదులు అయిపోయేదాకా మార్తమ్మ ఆ అతుకుల చీరే కట్టింది, అచ్చియ్యమ్మ ఆ తెల్లచీరే కట్టింది. నీళ్ళు చూసి బెదిరే రోజు వస్తుందేమోనని అచ్చియ్యమ్మ ప్రతి ఉదయం కూతురి ముందు చెంబుతో నీళ్ళు పెట్టి, ఊపిరి బిగబట్టి చూసేది. నూకాలు గటగటా తాగేసి ఆడుకోవడానికి పోయేది. పొట్ట బూరెలా వాచింది గానీ పిల్ల బతికింది. గంగులు కూడా బతికాడు. చాలా ఏళ్ళు బతికాడు. పెళ్ళాం తిట్లు తింటూనే బతికాడు.

చీరలు తిరిగి ఇచ్చుకున్న రోజు అచ్చియ్యమ్మ ఉప్పు మళ్ళ మధ్య నిలబడి అందరూ వినేలా చెప్పింది. ఇక మీద ఎవతైనా ఆ పేరు చెప్పి పిల్లని బెదిరిస్తే, దానికి నా చేత్తో తెల్లచీర కట్టిస్తాను, అని. ఆమె అన్నంత పనీ చేస్తుందని ఊరికి తెలుసు. ఆ రోజునుంచి గవ్వలపేట పిల్లలు అన్నం మానేసినా సరే, ఆ బెదిరింపు మాత్రం మళ్ళీ వినలేదు.

ఆ తర్వాత ఏ పిల్లని దెబ్బల గదికి తెచ్చినా, తల్లి అడగక ముందే తన తలగుడ్డో, పైగుడ్డో తీసి మార్తమ్మ భుజాన వేసేది. తల్లి లేకపోతే తండ్రి కండువా. ఎవరూ లేని పిల్లయితే అప్పలసామి తన పాత తువాలు ఇచ్చేవాడు. ఉప్పు వాసన కొట్టే ఆ గుడ్డ కింద తెలుపు కనబడేది కాదు. పెద్ద ఆస్పత్రినుంచి తనిఖీకి వచ్చిన అధికారి ఒకాయన, ఇదేం శుభ్రం, తీసేయండి, అన్నాడట. సర్వేశం గారు గుడ్డలు మరిగించి ఆరేయించి ఇస్తామన్నారు గానీ తీయనివ్వలేదు.

మార్తమ్మ ఆ గదిలోనే ముసలిదైంది. నడుం వంగి ఇంకా పొట్టిదైంది. నేల మీద కూర్చుంటే లేవడానికి పిల్లలే చెయ్యి ఇచ్చేవారు. కట్టు కట్టించుకున్న పిల్లలు తమ పిల్లల్ని తెచ్చేవారు. ఒక ఉదయం ఆమె ఆస్పత్రి వసారాలో కూర్చుని, ఏటివైపు చూస్తూ, అలాగే పోయింది.

పాడె మీద వేద్దామంటే ఉప్పునేల మీద పువ్వులు లేవు. పొరుగూరినుంచి తెచ్చేసరికి పొద్దుపోతుంది. అప్పుడు నూకాలు ముందుకొచ్చింది. అప్పటికి ఆమెకే మనవలు. తన భుజం మీది చీరకొంగు సగానికి చింపి మార్తమ్మ ఒంటి మీద పరిచింది. ఆమె వెనక ఇంకొకతె చింపింది. ఆ వెనక ఇంకొకతె. ఎరుపూ పసుపూ ఆకుపచ్చా, అతుకులవీ చిరుగులవీ, మడి బురద మరకలవీ. దిబ్బ మీదినుంచి గోరీల తోట దాకా నడిచేసరికి తెల్లచీర ఎక్కడా కనబడలేదు. ఊరి ఆడవాళ్ళందరూ ఆ రోజు సగం కొంగులతో ఇళ్ళకి పోయారు.

ఇప్పుడు ఆ ఆస్పత్రికి అంతస్తులొచ్చాయి. దెబ్బల గదికి పెద్ద పేరొచ్చింది, చల్లగాలి యంత్రాలొచ్చాయి. సూదులు సన్నబడ్డాయి. కుక్క కరిస్తే పొట్ట మీద పొడవడం పోయింది, చేతికే ఇస్తున్నారు. ఉప్పు మళ్ళు కూడా సగం పాడుపడ్డాయి. కానీ గవ్వలపేట తల్లులు ఒక్క అలవాటు మానలేదు.

మొన్నీమధ్య కూడా, ఎక్కడో దూరపు ఊరినుంచి కొత్తగా వచ్చిన నర్సుపిల్ల ఒకతె, నుదురు పగిలిన పాప ముందు మందుల పళ్ళెం తెచ్చి పెట్టబోయింది. ఆ పాప తల్లి పళ్ళాన్ని చేత్తో ఆపింది. తన చున్నీ తీసి, ఆ నర్సు మెడ చుట్టూ వేసి, భుజాల మీద సరిగ్గా సర్దింది.

"ముందు ఇది," అంది. "తర్వాత అది. ఇక కూర్చో తల్లీ, కింద కూర్చో."